పాత కారు డెల్కో: రవ్వ దారి తప్పేదెక్కడ

పాత పెట్రోలు కారు మిస్ కొట్టడం మొదలుపెడితే మొదటి నింద కార్బురేటర్ మీద పడుతుంది. జెట్లు విప్పి గాలి కొడతారు. ప్లగ్గులు తీసి వైరు బ్రష్షుతో రుద్ది, గ్యాపు సరిచేసి బిగిస్తారు. బండి కొన్నాళ్ళు హుషారుగా నడుస్తుంది. ఆ తర్వాత ఒకరోజు ఎత్తు ఎక్కుతుంటే మళ్ళీ అదే కుదుపు. మధ్యలో దొరికిన ఆ ఊరట కార్బురేటర్ వల్ల వచ్చింది కాదు. శుభ్రం చేసిన ప్లగ్గుకు తక్కువ వోల్టేజి చాలు, నీరసపడిన డిస్ట్రిబ్యూటర్ కూడా ఆ మాత్రం ఇవ్వగలదు. ప్లగ్గు మీద మసి చేరి, అంచులు మొద్దుబారేకొద్దీ ఎక్కువ వోల్టేజి కావాల్సి వస్తుంది, అప్పుడు అసలు జబ్బు బయటపడుతుంది. అంబాసిడర్లను, ప్రీమియర్ పద్మినీలను, కార్బురేటర్ కాలపు మారుతి 800లను ఇప్పటికీ కాపాడుకుంటూ వస్తున్న వాళ్ళలో చాలామంది డబ్బు పోతున్నది ఇక్కడే.

గ్యారేజీల్లో డిస్ట్రిబ్యూటర్‌ను డెల్కో అంటారు. 1909లో అమెరికాలోని డేటన్ నగరంలో చార్లెస్ కెటరింగ్ స్థాపించిన కంపెనీ పేరు అది. ఆయన రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషన్ 1910 మోడల్ కాడిలాక్ కార్లతో జనంలోకి వచ్చింది. మన దేశంలో ఈ పరికరాలకు పెద్ద చిరునామా 1961లో మద్రాసు శివారు పాడిలో మొదలైన లూకాస్ టీవీఎస్. కంపెనీలు మారాయి, ఆకారాలు మారాయి; పాయింట్లు, కండెన్సర్, కాయిల్, రోటర్ కలిసి చేసే పని మాత్రం కెటరింగ్ నాటిదే.

పని ఇది. పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్ లోపలి ప్రైమరీ చుట్టలో సుమారు 4 ఆంపియర్ల కరెంటు పారుతుంది. డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు మీది క్యామ్ పాయింట్లను తెరిచిన క్షణంలో ఆ కరెంటు తెగి, కాయిల్‌లోని అయస్కాంత క్షేత్రం కూలిపోతుంది. ఆ కుదుపుకు సెకండరీ చుట్టలో 15 నుంచి 25 వేల వోల్టులు పుడతాయి. రోటర్ ఆ కరెంటును క్యాప్‌లోని సరైన కడ్డీకి అందిస్తే, అక్కడి నుంచి అది ప్లగ్గుకు చేరుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే డిస్ట్రిబ్యూటర్ 1500 చుట్లు తిరుగుతుంది, సెకనుకు 100 రవ్వలు పంచుతుంది. మూడు సిలిండర్ల మారుతి 800లో అదే వేగానికి 75. కొసలు గోరంత పాయింట్లు, అరచేతిలో పట్టే క్యాపు, పెన్సిలంత లావు షాఫ్టు ఏళ్ళ తరబడి ఎండలో, నూనె ఆవిరిలో ఈ పని చేస్తున్నాయి. కనుక అరగడం వింత కాదు. ఏది అరిగిందో చూడకుండా అన్నీ మార్చేయడం, లేదా ఏమీ చూడకుండా చేతులెత్తేయడం అనవసరం.

ముందు తేల్చాల్సింది ఒకటే: ఆగిపోయింది పెట్రోలా, కరెంటా? తెలుగు నేల మీద మే నెలలో ఈ ప్రశ్న మరీ చిక్కుగా ఉంటుంది. అరగంట నడిచి వేడెక్కిన కారు హఠాత్తుగా ఆగిపోయి, చెట్టు నీడన కాసేపు నిలబెడితే మళ్ళీ స్టార్ట్ అవుతుంది. పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయే వేపర్ లాక్‌కు ఇదే లక్షణం. వేడికి లోపలి తీగ విడిపోయే కాయిల్‌కూ, వేడికి లీకయ్యే కండెన్సర్‌కూ ఇదే లక్షణం. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పడం అందరికీ తెలిసిన చిట్కా. దానివల్ల బండి కదిలినా వ్యాధి నిర్ణయం జరిగినట్టు కాదు, ఎందుకంటే తడిగుడ్డ కప్పే ఆ పది నిమిషాల్లో కాయిల్ కూడా చల్లబడుతుంది. కారు ఆగిన మరుక్షణమే, వేడి మీదే, ఒక ప్లగ్గు తీగకు స్పార్క్ టెస్టర్ తగిలించి సెల్ఫ్ కొట్టి చూడాలి. గట్టి నీలిరంగు రవ్వ టక్ టక్ మని దూకితే పెట్రోలు వైపు వెళ్ళొచ్చు. రవ్వ పసుపుగా, సన్నగా ఉన్నా, అసలు లేకపోయినా పెట్రోలు వైపు చూడటం దండగ. తీగను చేత్తో పట్టుకుని చూసే అలవాటు మాత్రం మానాలి. పాయింట్ల కాలపు షాకు ఒళ్ళు జలదరింపజేస్తుంది, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ షాకు అంతకన్నా ప్రమాదం. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు దీని దరిదాపుల్లోకే రాకూడదు.

కరెంటే అని తేలితే, తక్కువ వోల్టేజి వైపు నుంచి మొదలుపెట్టడం మేలు. ఒక 12 వోల్టుల బల్బు, రెండు తీగలు చాలు. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్ళే టెర్మినల్‌కూ ఎర్త్‌కూ మధ్య బల్బు తగిలించి ఇంజన్ తిప్పిస్తే, పాయింట్లు తెరుచుకున్నప్పుడు వెలగాలి, మూసుకున్నప్పుడు ఆరాలి. ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే పాయింట్లు మూసుకోవడం లేదు, లేదా మూసుకున్నా కరెంటు పారడం లేదు. ఎప్పుడూ ఆరిపోయే ఉంటే ఎక్కడో ఎర్త్ తగులుతోంది, లేదంటే కాయిల్‌కు కరెంటే రావడం లేదు. అయిదు నిమిషాల ఈ పరీక్ష చేయకుండానే కాయిల్ మార్చిన బండ్లు లెక్కలేనన్ని. పరీక్ష అయ్యాక తాళం ఆపాలి. ఇంజన్ ఆగి, పాయింట్లు మూసుకుని, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే కాయిల్ కాలిపోయేంత వేడెక్కుతుంది.

పాయింట్ల గ్యాపు లూకాస్ 25డీ4 రకానికి 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. అది కొత్త పాయింట్ల మాట. వాడిన పాయింట్లలో ఒకవైపు గుంట, రెండోవైపు చిన్న గుట్ట ఏర్పడతాయి. ఫీలర్ గేజ్ ఆ గుట్ట మీదుగా కొలుస్తుంది కాబట్టి గేజ్ చూపే కొలత వేరు, అసలు ఖాళీ వేరు. అందుకే పాయింట్లు ఎంత కోణం పాటు మూసుకుని ఉంటున్నాయో చెప్పే డ్వెల్ మీటర్ నమ్మదగింది. 25డీ4కు ఆ కోణం 60 డిగ్రీలు, మూడు డిగ్రీలు అటూ ఇటూ. గుంట, గుట్ట త్వరత్వరగా పెరుగుతుంటే పాయింట్లను గరుకు కాగితంతో రుద్దుకుంటూ పోవడం కాదు, కండెన్సర్‌ను అనుమానించాలి. దాని కెపాసిటీ 0.2 మైక్రోఫారడ్ దగ్గర ఉండాలి. పాయింట్లు విడిపోయే క్షణంలో కరెంటుకు పోవడానికి చోటివ్వడమే దాని పని. అది చెడితే పాయింట్ల మధ్యే మంట లేస్తుంది, కాయిల్‌లో క్షేత్రం నెమ్మదిగా కూలుతుంది, ప్లగ్గు దగ్గర రవ్వ చచ్చుబడుతుంది.

అందరూ దాటిపోయే ఒక తప్పు ఉంది. డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లు బిగించిన పళ్ళెం స్థిరంగా ఉండదు. ఇంజన్ లోడును బట్టి రవ్వ సమయాన్ని జరిపే వ్యాక్యూమ్ డబ్బా లాగినప్పుడల్లా కాస్త తిరుగుతుంది. దానికి ఎర్త్ ఇచ్చే అల్లిక తీగ, పాయింట్లకు కరెంటు తెచ్చే తీగ రెండూ ఆ కదలికతో రోజుకు వేలసార్లు వంగుతాయి. కొన్నేళ్ళకు పైన ప్లాస్టిక్ తొడుగు చెక్కుచెదరకుండానే లోపలి రాగి పోగులు తెగుతాయి. ఐడ్లింగ్‌లో ఇంజన్ చక్కగా ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కగానే తడబడుతుంది. సరిగ్గా కార్బురేటర్ పంపు చెడినప్పటి లక్షణం కూడా ఇదే, అందుకే ఎన్నో కార్బురేటర్లను ఊరికే విప్పారు. తేల్చడం చాలా తేలిక: ఇంజన్ నడుస్తుండగా వ్యాక్యూమ్ గొట్టాన్ని కార్బురేటర్ నుంచి ఊడదీసి, కార్బురేటర్ వైపు రంధ్రం మూసి, గొట్టం కొసను నోటితో పీల్చాలి. ఇంజన్ వేగం కాస్త పెరిగితే అంతా బాగున్నట్టు. మిస్ కొడితే తీగ తెగినట్టు. గొట్టం కొస నాలుకకు అంటుకుని నిలవకుండా గాలి సుళువుగా వచ్చేస్తుంటే డబ్బా లోపలి పొర చిరిగినట్టు. ఖర్చు లేని ఒక్క పరీక్షకు ఇన్ని జవాబులు మరెక్కడా దొరకవు.

ఎక్కువ వోల్టేజి వైపు జబ్బులు వర్షాకాలపు జబ్బులు. క్యాప్ లోపల పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్లగీత కనిపిస్తే, రవ్వ ప్లగ్గుకు పోకుండా ఆ గీత వెంట ఎర్త్‌కో, పక్క కడ్డీకో పారిపోతోందని అర్థం. దాన్ని గీకి వాడితే కొద్దిరోజులే. క్యాప్ నడిమధ్య ఉండే బొగ్గు బ్రష్షు అరిగిపోయిందా, స్ప్రింగు పనిచేస్తోందా చూడాలి. కడ్డీలు అల్యూమినియంవైతే తెల్లపొడి పడుతుంది, విశాఖ, కాకినాడ వంటి సముద్రపు ఊళ్ళలో ఇది మరీ ఎక్కువ. ఇత్తడి కడ్డీల క్యాప్ దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా అదే కొనాలి. క్యాప్ లోపల నిరంతరం రవ్వలు దూకడం వల్ల ఓజోన్ పుట్టి లోహాన్ని తింటుంది. అది బయటికి పోవడానికే కొన్ని డిస్ట్రిబ్యూటర్లకు చిన్న రంధ్రాలు పెట్టారు. తడి రాకూడదని వాటిని మైనంతో, టేపుతో మూసేయడం మంచి చేయాలనే తలంపుతో చేసే కీడు. ఎక్కడ లీకవుతోందో తెలియకపోతే చీకట్లో బానెట్ ఎత్తి, తీగల మీద కాస్త నీళ్ళు చిలకరించి చూస్తే నీలి మెరుపు చోటు చూపిస్తుంది.

తీగల వరస కూడా ఒక సమస్యే. అంబాసిడర్, పద్మినీల ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. అంటే పక్కపక్కనే ఉండే 3, 4 సిలిండర్లు వెంటవెంటనే పేలతాయి. ఆ రెండు తీగలూ ఒకదానికొకటి ఆనుకుని సాగితే మూడో తీగలోని కరెంటు నాలుగోదాంట్లోనూ కొంత పుట్టించగలదు. తీగలన్నీ కలిపి అందంగా టేపు చుట్టిన బండ్లలో ఇది కనిపిస్తుంది. మారుతి 800లో ఆర్డర్ 1-3-2. గ్యాస్ కిట్ బిగించిన కార్లలో ఎక్కువ వోల్టేజి వైపు లోపాలన్నీ ముందే బయటపడతాయి, ఎందుకంటే గ్యాస్‌ను అంటించడానికి పెట్రోలు కన్నా ఎక్కువ వోల్టేజి కావాలి. పెట్రోలు మీద బాగా నడిచి గ్యాస్ మీద మిస్ కొట్టే బండికి కిట్‌ను తిట్టే ముందు క్యాపు, రోటరు, తీగలు చూడటం న్యాయం.

ఇంతవరకు చెప్పినవన్నీ ఏదో ఒక గ్యారేజీలో ఎవరో ఒకరు చూస్తారు. ఎవరూ చూడనిది షాఫ్టు. డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు తిరిగే బుష్ అరిగితే షాఫ్టు పక్కలకు ఊగుతుంది. ఊగేది మిల్లీమీటరులో ఒకటి రెండు పదోవంతులే అయినా పాయింట్ల గ్యాపే 0.4 అని గుర్తుంచుకోవాలి. అప్పుడు క్యామ్‌లోని నాలుగు మూలలకు నాలుగు రకాల గ్యాపులు, నాలుగు సిలిండర్లకు నాలుగు రకాల టైమింగులు. ఎన్ని కొత్త పాయింట్లు వేసినా, ఎంత జాగ్రత్తగా సెట్ చేసినా ఆ ఇంజన్ సాఫీగా నడవదు. క్యాప్ తీసి, రోటర్ కింది షాఫ్టును బొటనవేలు చూపుడువేలు మధ్య పట్టుకుని అటూ ఇటూ ఊపితే తేడా చేతికే తెలుస్తుంది. డ్వెల్ మీటరైతే ఇంజన్ వేగం మారేకొద్దీ ముల్లు మూడు డిగ్రీలకు మించి తిరగడం చూపిస్తుంది.

పాయింట్ల పళ్ళెం కిందే మరో రహస్యం దాగి ఉంది. పెట్రోలు మండటానికి కొంత సమయం పడుతుంది, ఇంజన్ వేగం మాత్రం మారుతూ ఉంటుంది. 3000 చుట్ల దగ్గర క్రాంక్‌షాఫ్టు ఒక్క మిల్లీసెకనులో 18 డిగ్రీలు తిరిగిపోతుంది. అందుకే వేగం పెరిగేకొద్దీ రవ్వ ముందుగా పడాలి, దీన్నే అడ్వాన్స్ అంటారు. ఆ పని రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు చేస్తాయి: వేగానికి బరువులు బయటికి విచ్చుకుని క్యామ్‌ను ముందుకు తిప్పుతాయి. ఏళ్ళ తరబడి నూనె చుక్క పడకపోతే ఆ బరువులు బిగుసుకుపోతాయి. విచ్చుకోని స్థితిలో బిగిస్తే కారుకు పికప్ ఉండదు, ఇంజన్ వేడెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది. విచ్చుకున్న స్థితిలో బిగిస్తే స్టార్టింగ్‌లో వెనక్కి తంతుంది, లోడు మీద నాకింగ్ వస్తుంది. రోటర్‌ను చేత్తో తిరిగే దిక్కుకు తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. రాకపోతే విప్పి శుభ్రం చేసి నూనె వేయాలి. చాలా డిస్ట్రిబ్యూటర్లలో ఆ రెండు స్ప్రింగులు ఒకేలా ఉండవు, ఒకటి పలచన, ఒకటి దళసరి. అది లోపం కాదు, డిజైను. ఒకటి పాడైందని రెండూ ఒకే రకానివి వేసేస్తే ఆ ఇంజన్ అడ్వాన్స్ లెక్క మొత్తం తప్పుతుంది.

ఇప్పుడు టైమింగ్ సంగతి. పాత మేస్త్రీలు చెవితో టైమింగ్ పెడతారు: డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పి, ఎత్తు మీద బండి తోలి, సన్నగా నాకింగ్ వినిపించే దాకా ముందుకు పెట్టి, అక్కడి నుంచి కాస్త వెనక్కి లాగుతారు. పుస్తకం చెప్పిన అంకె ఆ బండి కాలపు పెట్రోలుకు రాసింది. ఇప్పటి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది, అది నాకింగ్‌ను ఎక్కువ తట్టుకుంటుంది. కనుక చెవి చెప్పే మాటకు విలువ ఉంది. అయితే చెవి పెట్టగలిగేది ఒక్క బిందువునే. బరువులు బిగుసుకుపోయిన డిస్ట్రిబ్యూటర్‌ను చెవితో సెట్ చేస్తే ఎత్తు మీద సరిపోతుంది, హైవే మీద చాలా వెనకబడుతుంది, తోలేవాళ్ళకు అది బండి ముసలితనంలా అనిపిస్తుంది. పైగా పాయింట్ల గ్యాపు మారితే టైమింగ్ మారుతుంది. డ్వెల్ ఒక డిగ్రీ మారితే క్రాంక్ దగ్గర టైమింగ్ సుమారు ఒక డిగ్రీ జరుగుతుంది. కనుక గ్యాపు ముందు, టైమింగ్ తర్వాత. క్యామ్ మీద చిటికెడు గ్రీజు పెట్టకపోతే పాయింట్ల మడమ అరిగి, గ్యాపు తగ్గి, టైమింగ్ తనంతట తానే వెనక్కి జారుతుంది. టైమింగ్ లైట్ కింద గుర్తు అటూ ఇటూ గంతులేస్తుంటే షాఫ్టును, బుష్‌ను చూడాలి. అవి గట్టిగా ఉంటే వదులైన టైమింగ్ చైన్‌ను అనుమానించాలి, ఆ పాపం డిస్ట్రిబ్యూటర్‌ది కాదు.

గత పాతికేళ్ళలో ఈ మొత్తం వ్యవహారానికి కొత్త చిక్కు వచ్చిపడింది. కొత్త సామానును నమ్మలేని పరిస్థితి. వెనకటి రోజుల్లో అనుమానం ఉన్న భాగాన్ని కొత్తదానితో మార్చి చూడటమే పరీక్ష. ఇవాళ పెట్టెలోంచి తీసిన రోటర్ మొదటి రోజే చెడిపోయి ఉండొచ్చు. బ్రిటన్‌లో మోరిస్, ఎంజీ, ట్రయంఫ్ కార్లను కాపాడుకునేవాళ్ళు ఈ దెబ్బ బాగా తిన్నారు: నల్ల ప్లాస్టిక్‌లో కార్బన్ పాలు ఎక్కువై, ఇత్తడి రేకును బిగించిన రివెట్ గుండా కరెంటు షాఫ్టులోకి దూకేసేది. చివరికి అక్కడి నిపుణులు రివెట్ లేని ఎర్ర రోటర్లు ప్రత్యేకంగా చేయించుకున్నారు. అంబాసిడర్‌కు మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డే కనుక ఈ అనుభవం మనకూ పనికొస్తుంది. రోటర్‌ను దాని చోటే ఉంచి, కాయిల్ నుంచి వచ్చే లావు తీగ కొసను ఇన్సులేషన్ ఉన్న పటకారుతో రోటర్ ఇత్తడి మీద అయిదారు మిల్లీమీటర్ల ఎత్తున పట్టుకుని పాయింట్లు తెరిపించాలి. రవ్వ రోటర్‌లోకి దూకిందంటే అది లోపల ఎర్త్ అవుతున్నట్టే. పాయింట్లదీ, కండెన్సర్లదీ ఇదే కథ. పాత కండెన్సర్ పనిచేస్తుంటే, కొత్తది వేసిన వెంటనే పాతదాన్ని పారేయకూడదు.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ చేస్తే ఇవన్నీ పోతాయి కదా అనే వాదన బలంగా వినిపిస్తుంది. జనరల్ మోటార్స్ 1975 నాటికి తన అమెరికన్ కార్లలో అలాగే చేసింది. జపాన్ కంపెనీలు, ఆ వెనకే మన మారుతి కూడా ఆ దారినే వెళ్ళాయి. గ్యాపు బాధ పోయింది, రవ్వ బలపడింది. కొత్త జబ్బులు మాత్రం వచ్చాయి. ఫోర్డ్ 1980లలో ఇగ్నిషన్ మాడ్యూల్‌ను నేరుగా డిస్ట్రిబ్యూటర్ ఒంటికే బిగించింది. ఇంజన్ వేడికి అది చెడి కార్లు రోడ్డు మధ్యలో ఆగిపోతున్నాయన్న కేసులో 2000 అక్టోబరులో కాలిఫోర్నియా జడ్జి రీకాల్‌కు ఆదేశించారు. 1992 కార్వెట్‌లో జనరల్ మోటార్స్ పెట్టిన కాంతి కిరణపు డిస్ట్రిబ్యూటర్ నీళ్ళ పంపు కింద కూర్చుంది, పంపు కారితే తడి దాంట్లోకే. పాయింట్ల బదులు పికప్ కాయిల్ ఉన్న ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్లలో తేల్చాల్సినవి రెండు: ఆ కాయిల్ రెసిస్టెన్స్ మాన్యువల్ ప్రకారం ఉందా, మాడ్యూల్ అడుగున వేడిని లాగే పేస్టు ఉందా. పేస్టు లేకుండా పొడిగా బిగించిన కొత్త మాడ్యూల్ ఎక్కువ కాలం నిలవదు. షాఫ్టు సీలు చెడి నూనె లోపలికి చేరితే సీలు మార్చడమే మందు, క్యాప్ తుడవడం కాదు.

పాత క్యాప్ కింద ఇమిడిపోయే ఎలక్ట్రానిక్ కిట్లు మంచివే. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్ళు దాటిన బండ్లు మూలరూపంలో ఉండాలంటాయి, బయటికి కనపడని కిట్ చూపుకైనా ఏ మార్పూ తేదు. కానీ కిట్ తీసేసేది పాయింట్లను, కండెన్సర్‌ను మాత్రమే. క్యాపు, రోటరు, తీగలు, బరువులు, స్ప్రింగులు, వ్యాక్యూమ్ పొర, బుష్ అన్నీ పాతవే ఉంటాయి. అరిగిన డిస్ట్రిబ్యూటర్‌లో కిట్ పెట్టి, ఏమీ మారలేదని నిరాశపడేవాళ్ళకు కారణం ఇదే. కాయిల్ రెసిస్టెన్స్ కిట్‌కు సరిపోకపోయినా, బ్యాటరీ తీగలు ఒక్కసారి తారుమారైనా కిట్ కాలిపోతుంది, పాయింట్లలా రోడ్డు పక్కన గోకి సరిచేసుకునే వీలుండదు. దూరాలు వెళ్ళేవాళ్ళు డిక్కీలో పాత పళ్ళెం, పాయింట్లు సెట్‌గా పెట్టుకుంటే ఇల్లు చేరతారు. మొత్తం డిస్ట్రిబ్యూటర్‌నే మార్చేసే నెదర్లాండ్స్ తయారీ 123 ఇగ్నిషన్ వంటివి బరువుల పని కూడా ఎలక్ట్రానిక్స్‌తో చేస్తాయి. ధర భరించగలిగితే అది పూర్తి పరిష్కారం.

భరించలేనివాళ్ళకు మన ఆటోనగర్ల లేత్ మేస్త్రీలు ఉన్నారు. అరిగిన బుష్ తీసి, కంచు బుష్ తిప్పి, షాఫ్టుకు సరిపడా రీమర్ వేయడం వాళ్ళకు కొత్త పని కాదు. కొత్తదని చెప్పి అమ్మే నాసి డిస్ట్రిబ్యూటర్ కన్నా అలా బాగుచేసిన పాత లూకాస్ ఒళ్ళు ఎన్నో రెట్లు నయం. విప్పే ముందు రోటర్ ఏ దిక్కు చూస్తోందో, ఒళ్ళు ఇంజన్ మీద ఎక్కడ కూర్చుందో గుర్తు పెట్టుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు డ్రైవ్ సగం చుట్టు తప్పితే ఇంజన్ కార్బురేటర్ గుండా పేలుతుంది తప్ప నడవదు. బిగించాక వ్యాక్యూమ్ గొట్టం ఊడదీసి, డయల్ ఉన్న టైమింగ్ లైట్‌తో 1000, 2000, 3000 చుట్ల దగ్గర అడ్వాన్స్ ఎన్ని డిగ్రీలుందో చూసి, ఆ మూడు అంకెలను బండి సర్వీసు పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. మరుసటి ఏడాది కారు నీరసపడినప్పుడు అదే కొలత మళ్ళీ తీస్తే, తేడా డిస్ట్రిబ్యూటర్‌లో ఉందో లేదో కార్బురేటర్ విప్పకముందే తేలిపోతుంది.